వేలిముద్ర పుట్టుపూర్వోత్తరాలు

చదువురానివానిని తేలిక చేసి మాట్లాడవలసి వచ్చినప్పుడు "వాడికేం తెలుసు, వేలిముద్రగాడు" అనడం మనవారికి వాడుక. చేవ్రాలు చేయగలవాడు గౌరవనీయుడనీ, బొటనవేలికి సిరా పూసుకొనేవాడు అమాయకుడనీ ఒక భావం లోకంలో పాతుకొనిపోయినది. కాని అదే లోకంలో ఇంకొక వింత ఉన్నది. ఇల్లో, పొలమో అమ్మదలచి రిజిస్ట్రారు కచేరీకి వెళ్లిన పెద్దమనిషి ఎంతటి పట్టభద్రుడైనా సరే, దస్తావేజు మీద సంతకం చేసి ఊరుకొంటే చాలదు; అక్కడి పుస్తకంలో బొటనవేలు కూడా ఒత్తవలసినదే. సంతకాన్ని మరొకడు అనుకరించవచ్చును. వేలిగీతలను అనుకరించడం అంత సులభం కాదు.

ఈ ముద్రకు ఇంతటి ప్రతిష్ఠ ఎట్లా వచ్చినది? దానికోసం పాటుపడినవారెవరు, దానివలన రక్షణ పొందినవారెవరు, బాధపడినవారెవరు? ఈ కథలో ముఖ్యభాగం మన దేశంలోనే, అదీ వంగదేశంలోనే నడచినది. కాని ఆ సంగతి తెలిసినవారు మనలో తక్కువ.

1858వ సంవత్సరం జూలై మాసం. భాగీరథీ తీరాన జంగీపూరులో విలియం జేమ్స్ హెర్షెల్ అనే యువకుడు ప్రభుత్వోద్యోగి. యురేనస్ గ్రహాన్ని కనుగొన్న ఖగోళశాస్త్రవేత్త విలియం హెర్షెల్‌కు ఈయన మనుమడు. తాత ఆకాశంలో వెదకినాడు. మనుమనికి మాత్రం నేల మీది గొడవలతోనే సరిపోయినది. రోడ్డు వేయడానికి రెండువేల మణుగుల కంకర కావలసి వచ్చినది. నిస్తా గ్రామవాసి రాజ్యధర్ కోనాయ్ దానిని సరఫరా చేయడానికి ఒప్పుకొన్నాడు. ఒప్పందం వ్రాసుకొన్నారు. ఆ రోజులలో, "ఆ కాగితం మీద సంతకం నాది కాదు" అని కోర్టులో నిలబడి చెప్పడం మామూలైపోయినది. ఆ బెడద తప్పించుకొనడానికి హెర్షెల్‌కు ఒక ఉపాయం తోచినది. కచేరీ ముద్ర వేయడానికి వాడే నూనెసిరాను కోనాయ్ అరచేతికీ వేళ్లకూ పూసి, ఒప్పందం వెనుకవైపున చేయి మొత్తం ఒత్తించినాడు. తరువాత హెర్షెల్ తన చేయి కూడా వేరొక కాగితం మీద ఒత్తి చూపినాడట. హస్తసాముద్రికం సంగతులు చెప్పుకొని నవ్వుకొంటూ ఇద్దరూ ఆ రెండు ముద్రలనూ పోల్చి చూసుకొన్నారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. కోనాయ్ నిరక్షరకుక్షి కాడు. ఆ ఒప్పందాన్ని వంగలిపిలో స్వహస్తంతో వ్రాసినవాడు అతడే. కనుక ఆధునిక కాలంలో తొట్టతొలిగా ఒక సర్కారీ కాగితం మీద చేయి ఒత్తిన మనిషి వ్రాత వచ్చినవాడే! అతనిచేత ముద్ర వేయించినది చదువు లేదన్న కారణంతో కాదు, మాట మీద నమ్మకం లేదన్న కారణంతో. వేలిముద్ర పుట్టుకలో ఈ అపనమ్మకపు ఛాయ ఉన్నది. అది చివరిదాకా దానిని విడువలేదు.

మొదట కోనాయ్‌ను బెదిరించడమే హెర్షెల్ ఉద్దేశం. కాని క్రమంగా ఆయనకు ఆ గీతల మీద ఆసక్తి పెరిగినది. స్నేహితుల వేళ్లు, బంధువుల వేళ్లు, తన వేళ్లు కాగితాల మీద ఒత్తించి దాచుకొన్నాడు. ఏళ్లు గడచిన తరువాత మళ్లీ ఒత్తించి చూస్తే గీతలలో మార్పు లేదు. ముఖం ముడతలు పడినది, జుట్టు నెరసినది, వేలిగీత మాత్రం మారలేదు. అర్ధశతాబ్దానికి మించి తన వేళ్లతోనే ఈ పరీక్ష సాగించిన ఓపిక ఆయనది.

1877లో హుగ్లీ జిల్లాకు మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు ఆయన దీనిని మూడు చోట్ల ప్రవేశపెట్టినాడు. మొదటిది పింఛను. పింఛనుదారు కాలధర్మం చెందినా, అతని పేరు చెప్పుకొని వేరొకడు వచ్చి నెలనెలా డబ్బు తీసుకొని పోతూ ఉండేవాడు. రెండవది దస్తావేజుల రిజిస్ట్రేషను. మూడవది చెరసాల. శిక్ష పడినవాడు ఒకడు, డబ్బు పుచ్చుకొని అతనికి బదులుగా జైలులో కూర్చునేవాడు మరొకడు. ఇట్టి మోసాలన్నింటికీ వేలిముద్ర విరుగుడని హెర్షెల్ ఆ ఏడు ఆగస్టులో పై అధికారులకు జాబు వ్రాసినాడు. ప్రోత్సాహం లభించలేదు. త్వరలోనే ఆయన స్వదేశానికి వెళ్లిపోయినాడు.

సరిగా ఆ కాలంలోనే జపానులో ఇంకొకరు ఇదే దారిలో నడుస్తున్నారు. టోకియోలో వైద్యం చేస్తున్న స్కాట్లండు దేశీయుడు హెన్రీ ఫాల్డ్స్ పురాతనమైన మట్టికుండల పెంకులను పరిశీలిస్తూ ఉండగా, వాటి మీద కుమ్మరి వేళ్ల గుర్తులు కనిపించినవి. వేల యేళ్ల క్రిందట పచ్చిమట్టిని తాకిన వేలు తన గీతలను అక్కడ విడిచిపెట్టి పోయినది. ఆయన వాటిని శ్రద్ధగా అధ్యయనం చేసినాడు. నేరస్థలంలో దొరికే వేలిగుర్తులను బట్టి నేరస్థుని పట్టవచ్చునని 1880లో 'నేచర్' పత్రికలో ప్రకటించినాడు. వెంటనే హెర్షెల్ కూడ అదే పత్రికకు తన అనుభవం వ్రాసినాడు. ఎవరు ముందన్న వివాదం నాడు మొదలై దశాబ్దాల తరబడి నడచినది. తనకు రావలసిన కీర్తి రాలేదన్న బాధతోనే ఫాల్డ్స్ 1930లో కన్నుమూసినాడు.

ఇద్దరికీ తీరని చిక్కు ఒకటి మిగిలినది. ఎదుట ఉన్న మనిషి ఫలానావాడా, కాదా అని తేల్చడానికి రెండు ముద్రలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలును. కాని పట్టుబడిన దొంగ తప్పుడు పేరు చెప్పినాడనుకోండి. పోలీసువారి వద్ద యాభైవేల చీటీలు ఉన్నవి. వాటిలో అతని చీటీ ఏదో వెదకి తీయడం ఎట్లా? నిఘంటువులో మాటలకు అకారాది క్రమం ఉన్నది. వేళ్లకు అకారాది క్రమం ఏది?

అది లేకపోవడం వలననే అప్పట్లో ప్యారిసు పోలీసు శాఖకు చెందిన బెర్టిలాన్ పద్ధతి రాజ్యమేలినది. తల పొడవు, వెడల్పు, ముంజేయి, పాదం మొదలైన పదకొండు కొలతలు తీసి మనిషిని గుర్తుపట్టడం ఆ పద్ధతి. ఎముకలు యుక్తవయస్సు దాటిన తరువాత పెరగవు గనుక కొలతలు మారవని దాని ఆధారం. వంగరాష్ట్రంలోనూ ఈ పద్ధతినే ప్రవేశపెట్టినారు. అయితే కొలిచే చేతులు పలురకాలు. ఒక జవాను గట్టిగా నొక్కి కొలుస్తాడు, మరొకడు వదులుగా కొలుస్తాడు. ఒకే మనిషికి రెండు ఊళ్లలో రెండు కొలతలు వచ్చేవి.

1891లో వంగరాష్ట్రపు పోలీసు ఇన్‌స్పెక్టరు జనరలుగా వచ్చిన ఎడ్వర్డ్ హెన్రీకి ఈ లోపం బాగా తెలిసినది. లండనులో ఫ్రాన్సిస్ గాల్టన్ 1892లో ప్రకటించిన వేలిముద్రల గ్రంథం ఆయనను ఆకర్షించినది. లెక్కలలో దిట్టయైన యువకుడు కావాలని కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలను అడిగినాడు. అట్లా వచ్చినవాడు ఖుల్నా జిల్లాకు చెందిన కాజీ అజీజుల్ హక్. అప్పటికి ఆయన వయస్సు ఇరవై. సబిన్‌స్పెక్టరుగా ఉద్యోగంలో చేరినాడు. కొంతకాలానికి హేమచంద్ర బోసు తోడైనాడు. వేళ్లకు అకారాది క్రమం ఏర్పరచినవారు వీరే.

ఆ క్రమం వినడానికి కష్టంగాని, అర్థమైతే బాలశిక్ష లెక్కవంటిదే. వేలికొనల మీది గీతలను మన సాముద్రికులు చక్రమనీ, శంఖమనీ ఎప్పటినుంచో చెప్పుకొంటూ వచ్చినారు. గీతలు సుడి తిరిగితే చక్రం, ఒక ప్రక్కకు మడతపడి వెనుకకు మళ్లితే శంఖం. విల్లువలె వంగి అటునుంచి ఇటు పోయేవి మూడవ రకం. హక్ చేసిన లెక్కలో మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ వేలికి చక్రం ఉన్నదా, లేదా?

పది వేళ్లను వరుసగా రెండేసి చొప్పున ఐదు జతలు చేసినారు. మొదటి జతలో చక్రం ఉంటే దాని విలువ 16. రెండవ జతలో 8, మూడవ జతలో 4, నాలుగవ దానిలో 2, ఐదవ దానిలో 1. చక్రం లేకపోతే సున్న. జతలోని ఒక వేలి అంకెను భిన్నం పైన, రెండవ వేలి అంకెను క్రింద కూడుతారు. చివర రెండింటికీ ఒక్కొక్కటి కలుపుతారు. పది వేళ్లలోనూ చక్రమే లేనివానికి వచ్చే భిన్నం 1/1. పదింటికీ చక్రాలున్నవానిది 32/32. కుడిచేతి బొటనవేలికి మాత్రమే చక్రమున్నవానిది 1/17. ఇట్లా ముప్పదిరెండు ముప్పదిరెండ్లు మొత్తం 1,024 విధాలు. గోడకు 1,024 అరల బీరువా ఒకటి చేయించి, ఎవరి చీటీని వారి భిన్నం గల అరలో పెట్టినారు. ఇప్పుడు పట్టుబడినవాని చేతులను చూసి లెక్క కట్టి, తిన్నగా ఆ అర దగ్గరకే పోవచ్చును. యాభైవేల చీటీలు తిరగవేయనక్కరలేదు. వాడు తన పేరు రామయ్య అని చెప్పినా, రహీము అని చెప్పినా అర మారదు.

సర్వేయర్ జనరల్ స్ట్రాహనూ, రసాయనశాస్త్రజ్ఞుడు పెడ్లరూ ఈ పద్ధతిని పరీక్షించి మెచ్చుకొన్నారు. వారి నివేదిక మీద 1897 జూన్ 12న ప్రభుత్వామోదం లభించినది. ఆ సంవత్సరమే కలకత్తాలో ప్రపంచంలోని మొట్టమొదటి వేలిముద్రల కార్యాలయం వెలసినది.

ఆ కార్యాలయం ఏర్పడీ ఏర్పడకముందే దానికి పరీక్ష వచ్చినది. 1897 ఆగస్టులో జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు పడకమీదనే గొంతు కోయబడి చనిపోయి కనిపించినాడు. పెట్టె పగులగొట్టి డబ్బు తీసుకొనిపోయినారు. అనుమానాలకు కొదువ లేదు. తోట కూలీలకు ఆయన మీద కోపమన్నారు. ఆ ప్రాంతాన తిరుగుతున్న కాబూలీల పని అన్నారు. అందరికంటె పెద్ద అనుమానం వంటవాని మీద పడినది. ఎందుకంటె అతని బట్టల మీద రక్తపు మరకలు కనిపించినవి. దొరగారి భోజనానికి పావురాన్ని కోసినానని అతడు మొరపెట్టుకొన్నాడు. ఆ కాలంలో అటువంటి మొర వినేవారెవరు?

ఇంతలో పెట్టెలోని కాగితాల మధ్య ఒక వంగపంచాంగం దొరికినది. దాని నీలిరంగు అట్టమీద గోధుమరంగు మరక రెండు చోట్ల ఉన్నది. అద్దం పెట్టి చూస్తే అందులో ఒకటి కుడిచేతి బొటనవేలి ముద్ర. దానిని కలకత్తాకు పంపినారు. అక్కడి చీటీలతో పోల్చగా అది కంగాలీ చరణ్ అనేవాని వేలుగా తేలినది. అతడు పూర్వం ఆ మేనేజరు ఇంటనే నౌకరు. దొంగతనం చేసి జైలుకు వెళ్లివచ్చినవాడు. అప్పుడు తీసుకొన్న ముద్రే ఇప్పుడు అతనిని పట్టి ఇచ్చినది. వంటవాని బట్టల మీది రక్తం అతడు చెప్పినట్లే పావురానిదని రుజువైనది.

1898లో జరిగిన విచారణలో ఒక విశేషం ఉన్నది. పంచాంగం మీది వేలు కంగాలీ చరణ్‌దేనని న్యాయస్థానం అంగీకరించినది; దొంగతనానికి శిక్ష వేసినది. కాని హత్య చేసినది అతడేనని ఆ వేలు ఒక్కటే చెప్పజాలదని, ఆ నేరం నుంచి విడిచిపెట్టినది. వేలిముద్ర చెప్పగలిగినదేమిటి, చెప్పలేనిదేమిటి అన్న విచక్షణ ఆ తొలి కేసులోనే ఆ న్యాయాధిపతులు చూపినారు. ఈ వేలు ఈ వస్తువును తాకినది అన్నంతవరకే దాని సాక్ష్యం. ఎందుకు తాకినది, తాకి ఏమి చేసినది అన్నవాటికి వేరే సాక్ష్యం కావలెను.

భూగోళానికి అవతలిప్రక్కన, అర్జెంటీనాలో, ఇంతకు ఐదేళ్ల ముందే ఒక దారుణం జరిగినది. 1892లో నెకోచియా అనే ఊరిలో ఫ్రాన్సిస్కా రోహాస్ అనే స్త్రీ బిడ్డలిద్దరు హత్యకు గురైనారు. పొరుగువాడు చంపినాడని ఆమె చెప్పినది. పోలీసులు అతనిని చిత్రహింసలు పెట్టినా అతడు నేరం ఒప్పుకొనలేదు. వుసెటిచ్ అనే అధికారి వద్ద వేలిముద్రల విద్య నేర్చిన ఇన్‌స్పెక్టరు ఒకడు వచ్చి, తలుపు మీద నెత్తురుతో అంటిన బొటనవేలి గుర్తును గమనించి, ఆ చెక్కముక్కను కోసి తెచ్చినాడు. అది తల్లి వేలే. ముద్రను ఎదుట పెట్టగానే ఆమె నేరం ఒప్పుకొన్నది. కొరడా ఒప్పించలేని నిజాన్ని కొయ్యముక్క ఒప్పించినది.

హెన్రీ 1901లో లండను వెళ్లి స్కాట్లండ్ యార్డులో కలకత్తా పద్ధతిని స్థాపించినాడు. మరుసటి ఏడు అక్కడ ఒక ఇంట్లో బిలియర్డు బంతులు పోయినవి. కిటికీకి అప్పుడే రంగు వేసినారు. తడి రంగులో దొంగ బొటనవేలు దిగబడినది. హ్యారీ జాక్సన్ అనే ఆ దొంగకు ఏడేళ్ల శిక్ష పడినది. 1905లో డెట్‌ఫర్డులో ఒక రంగుల దుకాణం నడిపే వృద్ధదంపతులను డబ్బుపెట్టె కోసం చంపిన కేసులో, పెట్టె పళ్లెం మీది ఒక్క బొటనవేలి ముద్ర ఆధారం మీద ఇద్దరు సోదరులకు ఉరిశిక్ష పడినది. ఆ కేసులో, వేలిముద్రల విద్యకు ఆద్యులలో ఒకడైన ఫాల్డ్స్ ప్రతివాదుల పక్షాన చేరడం చిత్రం. ఒక్క వేలిని నమ్మి ప్రాణం తీయకూడదని ఆయన వాదన.

ఈ పద్ధతికి ప్రపంచమంతటా 'హెన్రీ పద్ధతి' అన్న పేరు స్థిరపడినది. 1900లో హెన్రీ ప్రకటించిన గ్రంథంలో, లెక్క కట్టిన యువకుల పేర్లకు తగిన స్థానం దొరకలేదు. తరువాత ఎన్నో ఏళ్లకు, హక్ పింఛను తీసుకొన్న అనంతరం, హెన్రీ స్వయంగా ఆయన సేవను ఒప్పుకొంటూ, తన సిబ్బందిలో అందరికంటె ఎక్కువ తోడ్పడినవాడు ఆయనేనని వ్రాసినాడు. హక్‌కు ఖాన్ బహదూర్, బోసుకు రాయ్ బహదూర్ బిరుదులు లభించినవి. చెరి ఐదువేల రూపాయల పారితోషికం ముట్టినది. హక్ 1935లో బీహారులోని మోతిహారిలో మరణించినాడు. ఇటీవలి కాలంలో బ్రిటనులోని వేలిముద్రల నిపుణుల సంఘం వీరిద్దరి పేరిట ఒక బహుమానం ఏర్పాటు చేసినది. ఆలస్యమైనా అది ఒక విధమైన ఋణవిమోచనం.

ఇంతవరకు విన్నది వేలిముద్రకు వెలుగుప్రక్క. రెండవ ప్రక్క కూడ చూడవలెను.

1906లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాలు ప్రభుత్వం భారతీయులందరూ పేర్లు నమోదు చేయించుకొని వేలిముద్రలు ఇవ్వవలెనని శాసనం తలపెట్టినది. ఆ సందర్భాన గాంధీజీ హెన్రీ గ్రంథాన్ని తెప్పించి చదివినారు. చట్టం చేత బలవంతంగా వేలిముద్రలు తీసుకొనేది నేరస్థుల వద్దనే అని అందులో గ్రహించినారు. ఒక జాతి మొత్తాన్ని దొంగల పట్టికలో చేర్చడమే ఇది అని భావించినారు. ఆ ఏడు సెప్టెంబరు 11న జోహాన్నెస్‌బర్గులో జరిగిన సభలో భారతీయులు ఆ శాసనానికి లోబడమని ప్రతిజ్ఞ చేసినారు. సత్యాగ్రహానికి అదే పురుడు. 1908లో రాజీ కుదిరి, ఎవరి ఇష్టంతో వారు ముద్రలు ఇస్తే శాసనం రద్దవుతుందన్నప్పుడు, గాంధీజీ తామే ముందుగా ఇవ్వడానికి బయలుదేరినారు. దారిలో కొందరు పఠానులు ఆయనను రక్తం వచ్చేటట్లు కొట్టినారు. అయినా గాయాలతో పడుకొనే ఆయన తమ వేళ్లు ఒత్తి ఇచ్చినారు. శాసనం రద్దు కాలేదు. ఆగస్టు 16న రెండువేలకు పైగా నమోదుపత్రాలు మంటపాలైనవి. ఇష్టపడి ఇచ్చే వేలు వేరు, బలవంతాన ఒత్తించే వేలు వేరు అన్న భేదాన్ని ఆ పోరాటం లోకానికి చాటినది.

మన ప్రాంతంలోనూ ఆ బలవంతాన్ని అనుభవించినవారున్నారు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం క్రింద, ఏ నేరమూ చేయకపోయినా, ఒక కులంలో పుట్టిన పాపానికి పేరు నమోదు చేయించుకొని వేలిముద్రలు ఇవ్వవలసి వచ్చేది. బాపట్ల సమీపాన స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో ఎరుకలవారు ఈ చట్టపు నీడనే బ్రతికినారు. మద్రాసు రాష్ట్రం 1947లో దానిని రద్దు చేసినది. 1952లో దేశమంతటా అది పోయినది. చట్టం పోయినా ఆ ఊరిపేరుకు అంటిన మచ్చ చాలకాలం పోలేదు.

ముద్ర అబద్ధమాడదు అంటారు. నిజమే, కాని దానిని చదివేవాడు పొరబడవచ్చును. 2004లో స్పెయిను రాజధాని మాడ్రిడ్ రైళ్లలో బాంబులు ప్రేలినప్పుడు, ఒక సంచి మీది వేలిగుర్తు అమెరికాలోని ఒక న్యాయవాదిదని ఆ దేశపు దర్యాప్తు సంస్థ నిపుణులు నిశ్చయించినారు. స్పెయిను పోలీసులు కాదన్నా వినలేదు. ఆయనను రెండువారాలు నిర్బంధంలో ఉంచిన తరువాత ఆ వేలు వేరొకరిదని తేలినది. ఆ సంస్థ క్షమాపణ చెప్పుకొన్నది.

ఇక నేటి సంగతి. 2010 నుంచి మన దేశంలో ఆధార్ సంఖ్యలు ఇస్తున్నారు. పది వేళ్లూ, రెండు కనుపాపలూ యంత్రంలో భద్రమైనవి. 1,024 అరల బీరువా చేసిన పనిని ఇప్పుడు యంత్రం రెప్పపాటులో చేస్తున్నది. రేషను దుకాణంలో, పింఛను ఇచ్చేచోట వేలు పెట్టమంటున్నారు. హెర్షెల్ హుగ్లీలో తలపెట్టినదీ ఇదే: చనిపోయినవాని పింఛను మరొకడు తినకుండా చూడడం.

కాని రాళ్లు కొట్టి, నాట్లు వేసి, బట్టలు ఉతికి అరిగిపోయిన వేళ్ల మీద గీతలు యంత్రానికి అందడం లేదు. వయస్సు మీరినకొద్దీ చర్మం పలుచబడి ఆ కష్టం మరింత పెరుగుతున్నది. హెర్షెల్ పోల్చి చూసుకొన్నది కలం పట్టిన తన వేళ్లను. గీత మారదన్న ఆయన మాట అబద్ధం కాదు. అరిగిన గీత విశ్రాంతి దొరికితే మళ్లీ పూర్వపు రూపంతోనే పైకి వస్తుంది. అయితే రెక్కాడితే గాని డొక్కాడని వేళ్లకు ఆ విశ్రాంతి ఏది? అటువంటివారికి కనుపాప చూచి గాని, మరొక విధంగా గాని సరుకులు ఇచ్చే మార్గాలు నిబంధనలలోనే ఉన్నవి. ఆ మార్గం తెలియక వెనుదిరిగే అవ్వకు దానిని చెప్పి, దుకాణదారుచేత ఇప్పించడం ఊరిలోని చదువుకొన్నవారు చేయదగిన పని. యంత్రం ఆమె వేలిని పోల్చుకొనలేకపోవచ్చును. ఊరు ఆమెను ఎరుగును.